చేతిలో నలుగురే సిబ్బంది, ప్రాణం మీదికొచ్చిన కేసు: క్యాజువాలిటీలో పొరపాట్లు జరగకుండా పని నడపడం ఎలా?

"మాది చిన్న ఆసుపత్రి. రాత్రిపూట ఒక డాక్టరు, ఇద్దరు సిస్టర్లు, ఒక వార్డుబాయ్ ఉంటాం. గుండె ఆగిన కేసు వస్తే అందరం ఒకేసారి అరుస్తాం. ఏ మందు ఎవరు ఇచ్చారో, ఎన్నిసార్లు ఇచ్చారో కేస్ షీటు రాసేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. ఏం చేయాలి?"

ఊరు పేరు మారుతుంది కానీ ఈ ప్రశ్న మారదు. నర్సులు అడుగుతారు, కొత్తగా డ్యూటీలో చేరిన డాక్టర్లు అడుగుతారు, నర్సింగ్‌హోమ్ నడిపేవారూ అడుగుతారు. అందరికీ కలిపి ఒకేచోట జవాబు రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. "జాగ్రత్తగా ఉండండి" అని గోడ మీద రాసి అంటించినంత మాత్రాన ఏ పొరపాటూ ఆగదు. తెల్లవారుజామున మూడు గంటలకు ఎంత మంచి నర్సయినా అలిసిపోతుంది, ఎంత అనుభవం ఉన్న డాక్టరయినా ఒక అంకె తప్పుగా వింటాడు. అది జరుగుతుందని ముందే ఒప్పుకొని గదిని, అత్యవసర మందులూ పరికరాలూ ఉండే ట్రాలీని, మాట్లాడుకునే తీరును సర్దుకోవాలి. సిద్ధాంతం ఇంతే. ఏ జబ్బుకు ఏ వైద్యం అన్నది ఈ వ్యాసంలో లేదు. అక్కడక్కడ మోతాదులు రాసింది పొరపాటు ఎక్కడ దూరుతుందో చూపించడానికే. మీ ఆసుపత్రి ప్రోటోకాల్‌నే పాటించండి.

కావలసినవి

- సెకన్ల ముల్లు ఉన్న పెద్ద గోడ గడియారం. మంచానికి కాళ్ల వైపు గోడకు తగిలించండి. తల వైపు ఉంటే పనిచేసేవారికి కనిపించదు.
- ఒక తెల్లబోర్డు, రెండు మార్కర్లు. రెండోది ఎందుకో మొదటిది ఎండిపోయిన రాత్రి తెలుస్తుంది.
- సిరంజీల మీద పేర్లు రాయడానికి తెల్ల ప్లాస్టర్, పెన్ను.
- సమయం, మందు, మోతాదు, ఇచ్చినవారి పేరు అని నాలుగు గడులు గీసిన కాగితాలు, వాటిని పట్టి ఉంచే అట్ట.
- ట్రాలీకి వేసే, ఒకసారి తెంపితే మళ్లీ పనికిరాని ప్లాస్టిక్ సీలు. దొరకకపోతే సొరుగుల మీదుగా ప్లాస్టర్ అంటించి తేదీ, సంతకం వేసినా సరిపోతుంది.
- పెద్ద డాక్టరు గారి ఒప్పుదల. వీటన్నిటిలో దొరకడం కష్టమైనది ఇదే. ఆయన లేదా ఆవిడ ఒప్పుకోకపోతే 5, 7 మెట్లు నాలుగు రోజులు కూడా నిలవవు. అందుకే వారితో మాట్లాడాకే మొదలుపెట్టండి.

1. డ్యూటీ ఎక్కగానే ట్రాలీని చేత్తో ముట్టుకొని చూడండి

కళ్లతో చూసి టిక్కు పెట్టడం తనిఖీ కాదు. ప్రతి వస్తువునూ పనిచేయించి చూడాలి.

గుండెకు షాక్ ఇచ్చే డిఫిబ్రిలేటర్‌ను ప్లగ్గు తీసేసి బ్యాటరీ మీద ఆన్ చేయండి. కంపెనీ చెప్పిన పద్ధతిలో టెస్ట్ షాక్ ఇచ్చి చూడండి. చాలాచోట్ల యంత్రం ఏళ్ల తరబడి ప్లగ్గుకే వేలాడుతుంటుంది. బ్యాటరీ చచ్చిపోయిన సంగతి కరెంటు పోయినప్పుడే బయటపడుతుంది. గొంతులోకి చూసి ట్యూబు వేయడానికి వాడే లారింగోస్కోపు బ్లేడు తెరిచి బల్బు వెలుగుతోందో లేదో, బిగుతుగా ఉందో లేదో చూడండి. చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగు మూతిని అరచేత్తో మూసి నొక్కండి. గాలి ఎక్కడా కారకుండా బ్యాగు గట్టిగా నిలబడాలి. పిల్లల బ్యాగుకు ఎక్కువైన ఒత్తిడిని బయటికి వదిలే వాల్వు ఉంటుంది కాబట్టి అది కాస్త గాలి వదిలితే కంగారు పడకండి. నోట్లో, గొంతులో చేరిన ద్రవాలను లాగే సక్షన్ ట్యూబును మడిచి పట్టుకుంటే మీటరు ముల్లు లేవాలి. ఆక్సిజన్ సిలిండరు తెరిచే తాళం ఆ సిలిండరుకే గొలుసుతో కట్టి ఉండాలి. అది "ఎవరి జేబులోనో" ఉండే ఆసుపత్రులు ఇంకా ఉన్నాయి.

అన్నీ చూశాక సీలు వేసి తేదీ రాయండి. సీలు చెక్కుచెదరకుండా ఉంటే తర్వాతి డ్యూటీవారు సొరుగులు మళ్లీ తెరవనక్కర్లేదు. డిఫిబ్రిలేటర్, సక్షన్, ఆక్సిజన్ మాత్రం ప్రతి డ్యూటీలోనూ చూడాల్సిందే.

*తరచూ జరిగే తప్పు:* వారం రోజుల సంతకాలు సోమవారమే పెట్టేయడం. తనిఖీ బృందం వస్తోందంటే పెళ్లికూతురిలా ముస్తాబయ్యే ట్రాలీ, మిగతా రోజుల్లో దుమ్ము కొట్టుకుపోయి ఉంటుంది.

*సరిచూసుకోవడం:* ఇన్‌ఛార్జి సిస్టర్ ఒక చిన్న చీటీ మీద "ఇది దొరికినవారు నాకు ఇవ్వండి" అని రాసి మూడో సొరుగులో మందుల కింద పెట్టి, సీలు తెంపి ఉంచాలి. తర్వాతి డ్యూటీ అయ్యేసరికి చీటీ చేతికి రాలేదంటే అక్కడ జరుగుతున్నది సంతకాలే. పరీక్ష కోసం ట్రాలీలోంచి బల్బో మందో తీసి దాచే పని మాత్రం ఎప్పుడూ చేయకండి. అదే సమయంలో కేసు రావచ్చు.

2. ఎవరు ఏ పని చేస్తారో కేసు రాకముందే బోర్డు మీద రాయండి

డ్యూటీ మొదట్లో రెండు నిమిషాలు చాలు. నలుగురే ఉన్నప్పుడు పంపకం ఇలా ఉంటే పని సాగుతుంది:

- డాక్టరు: నిర్ణయాలు, మానిటరు, షాక్. మంచానికి కాళ్ల వైపు నిలబడాలి. ఊపిరి దారిలో ట్యూబు వేయాల్సివస్తేనే తల దగ్గరికి వెళ్లాలి. వెళ్లే ముందు "ఇప్పుడు టైము సిస్టర్ సునీత చెబుతారు" అని పేరు పెట్టి అప్పగించాలి.
- మొదటి సిస్టర్: నరంలోకి లైను, మందులు. ఇచ్చిన వెంటనే కాగితం మీద రాయడం కూడా ఆమె పనే.
- రెండో సిస్టర్: అంబూ బ్యాగు.
- వార్డుబాయ్: ఛాతీ నొక్కడం. రెండో సిస్టరూ ఇతనూ రెండు నిమిషాలకొకసారి చోట్లు మార్చుకోవాలి.

ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవారికి 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు నొక్కాలి. రెండు నిమిషాలు దాటితే ఎవరికైనా లోతు తగ్గిపోతుంది. నొక్కేవారికి మాత్రం బాగానే నొక్కుతున్నట్టు అనిపిస్తుంది. అందుకే "అలిసిపోయావా?" అని అడగకండి. గడియారం చూసి మార్చండి. మారే వ్యవధి పది సెకన్లు దాటకూడదు.

ఐదో మనిషి ఎవరో ముందే అనుకోండి. ల్యాబ్ టెక్నీషియన్ కావచ్చు, మందుల షాపులో ఉన్నవారు కావచ్చు. వారికి ఛాతీ నొక్కడం ఒక సాయంత్రం నేర్పిస్తే చాలు. కేసు తెచ్చిన 108 సిబ్బందిని కాసేపు ఉండమని అడగడంలోనూ తప్పు లేదు.

*తరచూ జరిగే తప్పు:* "ఎవరైనా అడ్రినలిన్ తీయండి" అనడం. ఎవరైనా అంటే ఎవరూ తీయరు, లేదా ఇద్దరూ తీస్తారు. రెండోదే ఎక్కువ ప్రమాదం.

3. అంబులెన్సు నుంచి కేసు తీసుకునేటప్పుడు ఒక్క నిమిషం అందరూ వినండి

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైనప్పటి నుంచి రోగి ఆసుపత్రికి చేరడం సులువైంది. రోగితో పాటు రావలసిన సమాచారమే గుమ్మం దగ్గర జారిపోతోంది. స్ట్రెచర్ లాగుతూ, నరంలో పెట్టిన క్యానులా గొట్టం చూస్తూ, బంధువులను బయటికి పంపుతూ వినే మాట సగమే చెవికెక్కుతుంది.

గుండె ఆగడం, ఊపిరి ఆడకపోవడం, ధారగా రక్తం పోవడం: ఈ మూడూ లేకపోతే చేతులు ఆపేసి ఒక్క నిమిషం వినండి. వరుస ఇది: వయసు, ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, వాళ్లు ఏం గమనించారు, పల్సు, బీపీ, ఆక్సిజన్ ఎంత, ఏం ఇచ్చారు. ఈ వరుసను తలుపు పక్కన పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.

విన్నవారు రెండు వాక్యాల్లో తిరిగి చెప్పాలి. "నలభై ఏళ్ల మనిషి, పొలంలో సాయంత్రం ఆరున్నరకు పాము కరిచింది, మీరు ఒక సెలైన్ పెట్టారు, అంతేకదా?" అనేసరికి వాళ్లు "కాలికి గుడ్డ కట్టి ఉంది, ఇంకా విప్పలేదు" అని గుర్తు చేసుకుంటారు. తిరిగి చెప్పడం వల్ల వచ్చే లాభం ఎక్కువగా ఇలాంటి చోటే కనిపిస్తుంది.

"ఎప్పుడు" అన్నదానికి గంట, నిమిషం రాయండి. "ఇందాకనే", "కాసేపటి క్రితం" అని కేస్ షీటులో రాయకండి. పక్షవాతం కేసులో ఎప్పుడు పడిపోయారన్నదే కాదు, ఆఖరిసారి మామూలుగా ఉండగా ఎవరు ఎప్పుడు చూశారన్నదీ అడగాలి.

4. పేరు మీరు చెప్పకండి, వారి చేత చెప్పించండి

"మీరు లక్ష్మిగారేనా?" అని అడిగితే చెవులు సరిగా వినిపించని పెద్దావిడ, నొప్పితో ఉన్న మనిషి, భయపడుతున్న మనిషి ముగ్గురూ తల ఊపుతారు. "మీ పేరేమిటమ్మా? మీ ఊరేది?" అని అడగండి. మన దగ్గర ఒకే వార్డులో ఇద్దరు లక్ష్ములు, ముగ్గురు వెంకటేశ్వర్లు ఉండటం వింతేమీ కాదు. ఇంటిపేరు, వయసు, ఓపీ నంబరులో ఏదో ఒకటి కలిపి చూడాలి. మంచం నంబరును గుర్తుగా వాడకండి. రోగులు మంచాలు మారుతుంటారు. మాట్లాడలేని, తోడు ఎవరూ లేని కేసుకు నంబరు రాసిన పట్టీ మణికట్టుకు కట్టాకే రక్తం నమూనా తీయండి.

5. నోటి ఆర్డరుకు మూడు మలుపులు

గుండె ఆగిన కేసులో రాసి ఇచ్చే తీరిక ఉండదు, నోటి మాటే ఆర్డరు. అది ఇలా నడవాలి (ఐవీ అంటే నరంలోకి):

డాక్టరు: "సునీతా సిస్టర్, అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము, ఐవీ."
సిస్టర్: "అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము, ఐవీ, ఇస్తున్నాను."
డాక్టరు: "అవును."
సిస్టర్, ఇచ్చాక: "అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము ఐవీ ఇచ్చేశాను. టైము రెండు పన్నెండు."

పేరు పిలవడం, తిరిగి చెప్పడం, అయిపోయిందని చెప్పడం. వీటిలో మూడోది అందరూ వదిలేస్తారు. మందు చేరిందనుకొని డాక్టరు ముందుకు వెళ్లిపోతాడు. క్యానులా ఉబ్బిపోయి మందు లోపలికి వెళ్లలేదన్న సంగతి సిస్టర్‌కు మాత్రమే తెలుసు.

అంకెల దగ్గర ప్రత్యేకంగా చూసుకోండి. మన వార్డుల్లో మాటలు తెలుగైనా అంకెలు ఇంగ్లీషువే. గోలలో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయి. "ఫిఫ్టీన్, వన్ ఫైవ్" అని విడదీసి చెప్పండి. లేదా "పదిహేను" అనండి, గొడవే ఉండదు. అయితే హైదరాబాద్ ఆసుపత్రుల్లో కేరళ, ఒడిశా నుంచి వచ్చిన సిస్టర్లు చాలామంది ఉన్నారు. అక్కడ విడదీసి చెప్పడమే మేలు. మోతాదుకు కొలమానం తప్పనిసరి. "ఒక ఆంప్యూల్", "సగం", "రెండు సీసీ" అనేవి ఆర్డర్లు కావు. ఒకే మందు రెండు బలాల్లో దొరుకుతుంది.

రాతలోనూ మూడు నియమాలు పెట్టుకోండి. 5 అని రాయండి, 5.0 అని రాయకండి. చుక్క కనిపించకపోతే అది 50 అవుతుంది. 0.5 అని రాయండి, ముందు సున్నా వదిలేస్తే 5 అవుతుంది. యూనిట్లు అన్న మాటను పూర్తిగా రాయండి. పొట్టిగా ఇంగ్లీషు యూ అక్షరం పెడితే సున్నాలా కనిపిస్తుంది.

ఫోనులో వచ్చే ఆర్డరుకు: విని, రాసి, రాసినదాన్ని చదివి వినిపించి, అవునన్నాకే ఇవ్వండి. ఎదుటి డాక్టరు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

6. పేరు లేని సిరంజీ చెత్తబుట్టలోకే

మందు నింపిన సిరంజీని చేతిలోంచి కింద పెట్టే ముందే ప్లాస్టర్ మీద మందు పేరు, మిల్లీలీటరుకు ఎంత ఉందో రాసి అంటించండి. పేరు లేని సిరంజీ దొరికితే అందులో ఏముందో ఊహించవద్దు, పారేయండి. "అది నేనే తీశాను, నాకు తెలుసు" అన్న మాట ఎవరిదైనా ఒప్పుకోవద్దు.

ఖాళీ ఆంప్యూళ్లను కేసు ముగిసేదాకా ఒక ట్రేలో ఉంచండి. ఆఖర్న లెక్క చూసుకోవడానికి అంతకంటే నమ్మకమైన సాక్ష్యం లేదు.

మూడు మందుల దగ్గర ఇద్దరు చూడాలి.

అడ్రినలిన్: మనకు దొరికే ఆంప్యూల్ సాధారణంగా ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము. గుండె ఆగిన పెద్దవారికి 1 మిల్లీగ్రాము ఐవీ, 3 నుంచి 5 నిమిషాలకొకసారి. ఇంజెక్షన్ పడక ఒళ్లంతా దద్దుర్లు లేచి బీపీ పడిపోయిన పెద్దవారికి 0.5 మిల్లీగ్రాము, తొడ బయటి వైపు కండలోకి. మందు ఒకటే, దారి వేరు, మోతాదు వేరు. కంగారులో రెండోవారికి మొదటివారి మోతాదు నరంలోకి వెళితే కొట్టుకుంటున్న గుండె లయ తప్పుతుంది. కాబట్టి రెండు పరిస్థితులనూ ఒక కార్డు మీద పక్కపక్కన రాసి ట్రాలీ మూతకు అంటించండి.

పొటాషియం క్లోరైడ్: 10 మిల్లీలీటర్ల ఆంప్యూల్, చూడటానికి డిస్టిల్డ్ వాటర్‌లాగే ఉంటుంది. కలపకుండా నేరుగా నరంలోకి నెడితే గుండె ఆగిపోతుంది. దీన్ని ఎమర్జెన్సీ ట్రాలీలో ఉంచకండి. వేరే పెట్టె, ఎర్ర చీటీ, తాళం. "అవసరమైతే పరుగెత్తాలి కదా" అంటారు కొందరు. పరుగెత్తాల్సి రావడమే ఇక్కడ రక్షణ.

ఇన్సులిన్: మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలూ, 100 యూనిట్ల సీసాలూ రెండూ వాడుకలో ఉన్నాయి. ఎర్ర మూత సిరంజీ 40వి, నారింజ మూతది 100వి. ఎర్ర మూత సిరంజీతో 100 సీసాలోంచి పది గీతలు లాగితే లోపలికి వెళ్లేది 25 యూనిట్లు. క్యాజువాలిటీలో ఒకే రకం ఉంచుకోవడం అన్నిటికంటే సులువైన మార్గం.

మందు కలిపేవారిని ఎవరూ పలకరించకూడదన్న నియమం కూడా పెట్టుకోండి. ట్రాలీ ముందు నేల మీద ఎర్ర టేపుతో ఒక గడి గీయండి. అందులో నిలబడినవారిని డాక్టరు కూడా పిలవకూడదు. బంధువులకు ఈ సంగతి తెలియదు కాబట్టి ఆ పని చేసేటప్పుడు వారికి వీపు పెట్టి నిలబడండి.

7. "సార్, ఆగండి" అనడం

అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఇదే, అన్నిటికంటే తక్కువగా నేర్పేదీ ఇదే.

2005లో ఇంగ్లండ్‌లో ఎలేన్ బ్రోమిలీ అనే 37 ఏళ్ల మహిళ మామూలు సైనస్ ఆపరేషన్‌కు వెళ్లారు. మత్తు ఇచ్చాక ఊపిరి దారి మూసుకుపోయింది. అనుభవం ఉన్న ముగ్గురు డాక్టర్లు నోటి ద్వారా ట్యూబు వేయడానికే మళ్లీ మళ్లీ ప్రయత్నించారు. ఒక నర్సు గొంతు దగ్గర రంధ్రం చేసే ట్రకియాస్టమీ సెట్టు తెచ్చి సిద్ధంగా ఉందని చెప్పింది. ఇంకో నర్సు ఐసీయూలో పడక ఏర్పాటు చేయించింది. ఏం చేయాలో వాళ్లకు తెలుసు. ఆ మాట డాక్టర్ల చెవికెక్కేలా ఎలా చెప్పాలో తెలియలేదు. ఆమె రెండు వారాలు తిరక్కుండానే చనిపోయారు. ఆమె భర్త మార్టిన్ బ్రోమిలీ విమాన పైలట్. కాక్‌పిట్‌లో కింది ఉద్యోగి కెప్టెన్‌ను ఆపడానికి శిక్షణ ఉంటుంది, ఆపరేషన్ థియేటర్‌లో ఎందుకు లేదని ఆయన అడిగారు. 2007లో క్లినికల్ హ్యూమన్ ఫ్యాక్టర్స్ గ్రూప్ అనే సంస్థను స్థాపించారు.

మన దగ్గర ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. పెద్దవారిని కాదనడం మర్యాద కాదని పెరిగినవాళ్లం. అందుకే అభ్యంతరాన్ని ప్రశ్నగా మార్చేస్తాం: "సార్, ఇది ఇవ్వమంటారా?" డాక్టరు తల ఎత్తకుండానే "ఇవ్వండి" అంటాడు. సిస్టర్ తన అనుమానం చెప్పాననుకుంటుంది, డాక్టరేమో ఆర్డరు ఖాయం చేశాననుకుంటాడు.

ప్రశ్న వద్దు, వాక్యం చెప్పండి. నాలుగు మెట్లుగా, మర్యాద తగ్గకుండా:

ఒకటి, ఉన్న సంగతి: "సార్, ఈయనకు పెన్సిలిన్ పడదని పాత చీటీలో ఉంది."
రెండు, మీ భయం: "సార్, ఈ ఇంజెక్షన్‌తో రియాక్షన్ వస్తుందని నాకు భయంగా ఉంది."
మూడు, ఏం చేయాలో: "సార్, దీని బదులు వేరేది చెప్పండి."
నాలుగు, ఆపడం: "సార్, ఆగండి. ఇది నేను ఇవ్వను."

ప్రతిసారీ నాలుగూ అవసరం లేదు. చాలావరకు మొదటి వాక్యంతోనే పని అయిపోతుంది. ప్రమాదం సెకన్లలో ఉంటే నేరుగా నాలుగో దానికి వెళ్లండి. గట్టిగా, పేరు లేదా "సార్", "మేడమ్" అని పిలిచి, ముఖం చూసి చెప్పండి. పక్కనున్న సిస్టర్‌తో గుసగుసలాడితే లెక్కలోకి రాదు.

డాక్టర్లకు రెండు పనులు. డ్యూటీ మొదట్లో అందరి ముందు "నేను ఏదైనా తప్పు చెబితే వెంటనే ఆపండి" అనండి. ఎవరైనా ఆపినప్పుడు, వారి అనుమానం తప్పని తేలినా సరే, "చెప్పడం మంచిదైంది సిస్టర్" అనండి. ఒక్కసారి కసిరితే ఆ గదిలో మరో ఆరు నెలలు ఎవరూ నోరు విప్పరు.

*సరిచూసుకోవడం:* గడిచిన నెలలో ఎవరైనా ఎవరినైనా ఆపారా? "ఒక్కసారీ లేదు" అని జవాబు వస్తే పొరపాట్లు జరగడం లేదనుకోకండి. నోళ్లు మూతపడ్డాయని అర్థం.

8. నాలుగు నిమిషాలకొకసారి పైకి లెక్క చెప్పండి

పనిలో మునిగినవారికి కాలం తెలియదు. క్యానులా కోసం ఆరో గుచ్చు గుచ్చుతూ "ఒక్క నిమిషం" అంటూనే ఉంటారు. నాలుగు నిమిషాలకొకసారి డాక్టరు, ఛాతీ నొక్కడం ఆగకుండానే, గట్టిగా చెప్పాలి: "ఎనిమిది నిమిషాలైంది. రెండు అడ్రినలిన్‌లు వెళ్లాయి. షాక్ ఒకటి ఇచ్చాం. లైను ఉంది, ట్యూబు లేదు. నేనేమైనా మరిచిపోయానా?" ఆఖరి ప్రశ్న అడిగాక మూడు సెకన్లు ఆగండి. వార్డుబాయ్ కూడా చెప్పవచ్చు.

ఒకే పని రెండుసార్లు విఫలమైతే మూడోసారికి పద్ధతి గానీ మనిషి గానీ మారాలని ముందే నియమం పెట్టుకోండి.

9. బంధువులు, పోలీసులు, కాగితాలు

బంధువులతో మాట్లాడే మనిషి ఒకరే ఉండాలి. ముగ్గురు మూడు రకాలుగా చెబితే గొడవ అక్కడే మొదలవుతుంది. పది నిమిషాలకొకసారి ఆ ఒక్కరు బయటికి వెళ్లి రెండు వాక్యాలు చెబితే తలుపు తోసుకొని లోపలికి వచ్చేవారు తగ్గుతారు. ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన మెడికో లీగల్ కేసు) కాగితాల కోసం వైద్యం ఆపనక్కర్లేదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఆ విషయం తేల్చేసింది.

10. వేరే ఆసుపత్రికి పంపేటప్పుడు ఆక్సిజన్ లెక్క

"సిలిండరు నిండుగానే ఉంది" అన్న మాట నమ్మి బయల్దేరకండి. బీ టైపు సిలిండరు నిండా ఉంటే సుమారు 1500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పోతే 150 నిమిషాలు. ముల్లు సగంలో ఉంటే 75. మీ ఊరి నుంచి పెద్దాసుపత్రికి పట్టే సమయాన్ని రెట్టింపు చేసి, ఆక్సిజన్ అంతసేపు వస్తుందో లేదో చూడండి. రైల్వే గేటు, ట్రాఫిక్, అక్కడ పడక దొరికేదాకా అంబులెన్సులోనే వేచి ఉండటం, అన్నీ ఆ రెట్టింపులోనే పోతాయి.

వెళ్లే ఆసుపత్రికి ముందే ఫోను చేసి, తీసుకుంటామన్న డాక్టరు పేరు కేస్ షీటులో రాయండి. ఇచ్చిన మందుల కాగితం ఫొటో తీసి పంపి, అసలు కాగితం రోగితో పంపండి.

11. కేసు ముగిశాక ఐదు నిమిషాలు

రోగి బతికినా పోయినా, అందరూ చెదిరిపోకముందే నిలబడే మాట్లాడుకోండి. మూడే ప్రశ్నలు: ఏది బాగా జరిగింది? ఏది అడ్డుపడింది? రేపటికల్లా ఏం మార్చాలి? "ఎవరు చేశారు" అన్న ప్రశ్న ఇక్కడికి రానివ్వకండి. వస్తే వచ్చే నెల నుంచి అందరూ "అంతా బాగానే జరిగింది" అనే అంటారు. అందరికంటే చిన్న ఉద్యోగి ముందు మాట్లాడాలి, డాక్టరు ఆఖర్న.

మార్చాల్సింది వస్తువై ఉండాలి: "సక్షన్ ట్యూబు చాలనంత పొట్టిగా ఉంది, పొడుగుది తెప్పించాలి." "ఇకపై జాగ్రత్తగా ఉందాం" అన్నది నిర్ణయం కిందికి రాదు.

మందు వల్ల అనుకోని రియాక్షన్ వస్తే మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే దేశవ్యాప్త ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800-180-3024 నంబరుకు తెలియజేయవచ్చు, డబ్బు ఖర్చు కాదు.

పని జరుగుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఏటా సెప్టెంబరు 17న రోగుల భద్రతా దినోత్సవమని బ్యానరు కట్టి ఫొటో దిగడం వల్ల తెలియదు. నెలకొకసారి దొంగ కేసు నడపండి. మంచం మీద దిండు పెట్టి, చెప్పకుండా, రాత్రి డ్యూటీలో, పది నిమిషాలు. అసలు కేసు వస్తే వెంటనే ఆపేయాలి. ఒకరు పక్కన నిలబడి వీటిని మాత్రమే రాయాలి:

- పిలిచినప్పటి నుంచి ఛాతీ నొక్కడం మొదలవడానికి ఎన్ని సెకన్లు?
- డిఫిబ్రిలేటర్ మంచం దగ్గరికి రావడానికి ఎంతసేపు?
- పది ఆర్డర్లలో ఎన్ని తిరిగి చెప్పారు? ఎన్నింటికి "ఇచ్చేశాను" అని వినిపించింది?
- పేరు లేని సిరంజీలు ఎన్ని మిగిలాయి?
- డాక్టరుతో ముందే మాట్లాడుకొని ఒక తప్పు మోతాదు చెప్పించండి. ఎవరైనా ఆపారా?

ఆఖరిది అందరికీ ఇష్టం లేని పరీక్ష. మందు బదులు నీళ్ల సిరంజీయే వాడండి. తప్పు మోతాదు తీసిన సిస్టర్‌ను నవ్వులపాలు చేయకుండా, ఆ ఆర్డరు చెప్పించింది మీరేనని వెంటనే చెప్పేయండి.

మొదటి నెలలో అంకెలు దారుణంగానే ఉంటాయి. పదకొండు మెట్లూ ఒకేసారి మొదలుపెడితే పదిహేను రోజుల్లో అన్నీ ఆగిపోతాయి. మొదట 5, 6 పట్టుకోండి. అవి అలవాటయ్యాక 1, 2. ఏడోది మాత్రం ఎప్పుడు మొదలుపెట్టినా ముందు డాక్టర్ల వైపు నుంచే మొదలవ్వాలి.

మా దగ్గర ఇద్దరమే ఉంటే?

మొదట ఒకరు ఛాతీ నొక్కుతూనే ఉండాలి, రెండోవారు ఫోను చేసి డిఫిబ్రిలేటర్ తెచ్చి ప్యాడ్‌లు అంటించాలి. మందులు ఆ తర్వాతే. ఫోనులో రెండు నిమిషాల టైమరు పెట్టి స్పీకరు మీద ఉంచండి. రాయడానికి మనిషి లేడు కాబట్టి ప్రతి మందు ఇచ్చేటప్పుడు ఫోను రికార్డరులో గట్టిగా చెప్పి, తర్వాత కేస్ షీటులో ఎక్కించి రికార్డింగు తీసేయండి. ఇలా వాడవచ్చని యాజమాన్యం దగ్గర ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కాపలా ఉండే మనిషికి ఛాతీ నొక్కడం నేర్పించండి. ఆయన రాత్రంతా మెలకువగానే ఉంటాడు, గుమ్మం దగ్గరే ఉంటాడు.